సొంత సైటులో ప్రకటనలు పెట్టుకుని, బయట యాడ్ బ్లాకర్ వాడటం తప్పా?

గంటలముల్లు (చర్చ మొదలుపెట్టినవారు)

పదకొండేళ్లుగా పాత గోడ గడియారాల మరమ్మతు గురించి చిన్న వెబ్‌సైటు నడుపుతున్నాను. లోలకం ఊగుతూ ఊగుతూ ఎందుకు ఆగిపోతుంది, తాళం చెవి తిప్పినా స్ప్రింగు పట్టుకోకపోతే ఎక్కడ చూడాలి, గంటలు కొట్టడంలో లెక్క తప్పితే ఎలా సరిచేయాలి... ఇలాంటి వ్యాసాలు రెండు వందల దాకా ఉంటాయి. ఫొటోలన్నీ నేను తీసినవే. సర్వర్ అద్దె ప్రకటనల డబ్బుతో గడిచిపోతోంది. లాభం అనదగ్గది ఎప్పుడూ లేదు.

ఈ మధ్య లెక్కలు చూసుకుంటే పాఠకులు పెరిగారు, ప్రకటనల రాబడి తగ్గింది. ఆరా తీస్తే, వచ్చేవారిలో ముగ్గురికి ఒకరు యాడ్ బ్లాకర్‌తో, అంటే ప్రకటనలను తెర మీద పడనివ్వని ప్రోగ్రాముతో వస్తున్నారని తేలింది. మనసు చివుక్కుమంది. ‘దయచేసి మా సైటులో బ్లాకర్ ఆపండి’ అని పేజీకి అడ్డంగా ఒక పెట్టె పెడదామని కూర్చున్నాను. సగం వాక్యం రాశాక తల ఎత్తితే, అదే బ్రౌజర్ పై మూలన నా బ్లాకర్ డాలు గుర్తు కనబడింది. ఆరేళ్లుగా నేనూ వాడుతున్నాను. ఎవరి సైటులోనూ ఒక్క ప్రకటన చూసిన పాపాన పోలేదు.

ఆ పెట్టె పెట్టడానికి చేతులు రాలేదు. ఊరుకోవడానికీ మనసు ఒప్పుకోవడం లేదు. నా చోట మీరుంటే ఏం చేస్తారు?

అచ్చుతప్పు

తప్పే. డొంకతిరుగుడు లేకుండా చెప్పేస్తున్నాను.

ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ణి. పాఠకుడిచ్చే డబ్బుతో పత్రిక నడవదని మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రవాడికి కూడా తెలుసు. మిగతాదంతా ప్రకటనలే మోసేవి. 1833లో న్యూయార్క్‌లో బెంజమిన్ డే తన ‘సన్’ పత్రికను ఒక్క సెంటుకు అమ్మాడు. అప్పటికి పెద్ద పత్రికల వెల ఆరు సెంట్లు. ఆ తేడాను భరించింది ప్రకటనకర్తలే. అంతవరకు పత్రిక కొనలేని కూలీలు, గుమాస్తాలు దానివల్లే చదవడం మొదలుపెట్టారు.

వెబ్‌లో జరిగిందీ అదే. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ సైటు మొదటి బ్యానర్ ప్రకటనలు పెట్టినప్పటి నుంచి ఉన్న అవగాహన ఇది: మీరు చదవండి, పక్కన ప్రకటన ఉంటుంది, దాని మీద వచ్చే డబ్బుతో రాసేవాడు బతుకుతాడు. ప్రకటన వద్దంటే చందా కట్టండి. రెండూ వద్దంటే ఆ పేజీ తెరవడం మానేయండి. వ్యాసం కావాలి, దాని ఖర్చు మాత్రం ఇంకెవరో పెట్టుకోవాలి అంటే ఎలా?

పాతరేడియో

అచ్చుతప్పు గారూ, మీ మాట 2002లోనే ఒకాయన అనేశాడు. అమెరికాలో టర్నర్ టీవీ సంస్థ అధిపతి జేమీ కెల్నర్. ప్రకటనలను దాటవేసే రికార్డర్లు అప్పుడే వచ్చాయి. ప్రకటన చూస్తాననే ఒప్పందం మీదే ప్రేక్షకుడికి కార్యక్రమం దక్కుతోందని, దాటవేయడం దొంగతనమని ఆయన ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. మరి మధ్యలో బాత్‌రూముకు వెళితే అంటే, దానికి కొంతవరకు పట్టువిడుపు ఉంటుందని సెలవిచ్చాడు! ఆ ఉదారత చదివి నవ్వు ఆపుకోలేకపోయాను.

ఇంకా వెనక్కి పోతే, 1955లో జెనిత్ కంపెనీ మొదటి వైర్లెస్ రిమోట్ తెచ్చింది. పిస్తోలు ఆకారంలో ఉండేది, కాంతిపుంజంతో పనిచేసేది. దాన్ని అమ్మడానికి వాళ్లు వేసిన ప్రకటనల్లో ముఖ్యమైన మాట ఏమిటంటే, విసుగెత్తించే సుదీర్ఘ ప్రకటనల గొంతు నొక్కేయవచ్చని. ప్రకటనలను ఆపే పరికరానికి ప్రకటన అన్నమాట.

అచ్చుతప్పు

ఆ పోలిక సరిపోదు. మీరు లేచి బాత్‌రూముకు వెళ్లినా ఆ చానల్‌కు రావలసిన డబ్బు అప్పటికే వచ్చేసింది. వెబ్‌లో అలా కుదరదు. ప్రకటన మీ తెర మీద పడితేనే లెక్కలోకి వస్తుంది, బ్లాకర్ దాన్ని పుట్టనే పుట్టనివ్వదు. గంటలముల్లు గారి ముగ్గురిలో ఒకరు ఆయన పుస్తకంలో లేరు. ఆయన సర్వర్ మీద మాత్రం ఉన్నారు.

చూసిపోయేవాడు

నాకు తెలిసి ప్రకటన మీద ఎవరూ క్లిక్ చేయరు. వేలు తగిలి తెరుచుకున్నవే అన్నీ. ఆ లెక్కన బ్లాకర్ వాడేవాళ్లు ప్రకటనకర్తకు మేలే చేస్తున్నారు.

వడపోత

ఏయే ప్రకటనలను ఆపాలో బ్లాకర్లకు చెప్పే జాబితాలకు చేర్పులు మార్పులు చేసే సరదా నాకుంది కాబట్టి ఈ చర్చలో నేను ముద్దాయిని అనుకోండి.

మొదట పని తీరు చూద్దాం. ఒక పేజీ తెరిస్తే ఆ సైటు నా కంప్యూటర్‌కు వ్యాసంతోపాటు ఒక చిట్టా కూడా ఇస్తుంది: ఫలానా చోట్లకు వెళ్లి ఇవి కూడా తెచ్చుకో, తెచ్చి నడుపు అని. ఆ చోట్లు పదులు దాటడం మామూలే. ఆ పని చేసేది నా యంత్రం, ఖర్చయ్యేది నా బ్యాటరీ, నా డేటా. చిట్టాలో కొన్నింటిని తేనని చెప్పడమే బ్లాకర్ చేసేది. జర్మనీలో యాక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద ప్రచురణ సంస్థ యాడ్‌బ్లాక్ ప్లస్ అనే బ్లాకర్ వారి మీద వేసిన దావాలో 2018 ఏప్రిల్‌లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు, బ్లాకర్ అందించడం అక్రమ పోటీ కిందికి రాదని తీర్పు చెప్పింది. కాపీరైటు కోణంలో ఇంకో వ్యాజ్యం ఇంకా తెమలలేదు, అది వేరే కథ. చట్టం ఒప్పుకుంటే ధర్మం ఒప్పుకున్నట్టు కాదు, తెలుసు. కానీ ‘దొంగతనం’ అనే మాట ముందు పక్కన పెట్టండి.

రెండోది, టీవీలో వచ్చే ప్రకటన మిమ్మల్ని చూడదు. వెబ్‌లో అది మిమ్మల్ని చూస్తుంది. మీరు ఏ జబ్బు గురించి వెతికారు, ఏ ఉద్యోగానికి దరఖాస్తు చేశారు, రాత్రి ఎన్నింటికి మేలుకుని ఉన్నారు, అన్నీ. అచ్చుతప్పు గారి పత్రికలో ప్రకటన వేసిన బట్టల వ్యాపారి పాఠకుడి వెంట ఇంటిదాకా నడిచి రాలేదు కదా.

మూడోది భద్రత. 2016 మార్చిలో న్యూయార్క్ టైమ్స్, బీబీసీ వంటి సైట్లలో కూడా ప్రకటనల ద్వారా హానికర ప్రోగ్రాములు పాఠకుల కంప్యూటర్లకు చేరాయి. ఎవరూ ఏమీ నొక్కనక్కరలేదు, పేజీ తెరిస్తే చాలు. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ, వెతుకులాట ఫలితాల్లో నకిలీ ప్రకటనలతో మోసాలు జరుగుతున్నాయని హెచ్చరిస్తూ, యాడ్ బ్లాకర్ వాడమని తానే సలహా ఇచ్చింది. పోలీసులే తలుపు గడియ వేసుకోమంటుంటే, గడియ వేసుకున్నవాణ్ణి తప్పు పడతారా?

అచ్చుతప్పు

ప్రతి ఇంటికీ గడియ వేసుకోండి, కాదనను. కానీ గడియ వేసుకున్నవాడు పక్కింట్లో భోజనానికి కూర్చోడు.

నిర్వాహకుడు

ఈ మధ్యలో వచ్చిన రెండు వ్యాఖ్యలు తీసేశాను. ‘దొంగలు’, ‘బిచ్చగాళ్లు’ అని ఒకరినొకరు అనుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి.

సన్నజాజి

నాకు చూపు లేదు. స్క్రీన్ రీడర్‌తో చదువుతాను, అంటే పేజీలో ఉన్నదాన్ని అది పైనుంచి కిందికి చదువుతూ పోతే వింటాను. మీకు పక్కన మెరిసే ప్రకటన నాకు వాక్యం మధ్యలో వస్తుంది.

బ్లాకర్ లేకుండా వార్త చదవడం ఎలా ఉంటుందో చెప్తాను. ‘వరద నీరు తగ్గుముఖం పట్టడంతో’ అంటుంది. ఆ వెంటనే ‘ఫ్రేమ్, లింకు, లింకు, పేరులేని బొమ్మ, మూసివేయి బటన్, ఫ్రేమ్ ముగిసింది’ అంటుంది. తర్వాత ఏదో అంకెలూ అక్షరాలూ కలిసిన చిరునామా ఒకటి అక్షరం అక్షరం చదువుతుంది, రెండు వందలు దాటినా ఆగదు. ఈలోగా ప్రకటన మారితే మళ్లీ మొదటికి పోతుంది. వరద నీరు తగ్గిందో లేదో నాకు తెలియదు.

నేను బ్లాకర్ పెట్టుకున్నది డబ్బు ఎగ్గొట్టడానికి కాదు. వాక్యం చివరిదాకా వినడానికి. అచ్చుతప్పు గారు నాకు మినహాయింపు ఇస్తారని తెలుసు. అయితే మినహాయింపు ఇవ్వవలసిన స్థితి ఎందుకు వచ్చిందన్నదే నా ప్రశ్న.

అచ్చుతప్పు

సన్నజాజి గారూ, మీ మాటకు నా దగ్గర జవాబు లేదు. మీకు మినహాయింపు ఇవ్వడానికి నేనెవరిని? నా కోపం కళ్లు బాగున్నవారి మీదే. అందులో నేను మారలేదు.

తెరవెనుక

నేను ప్రకటనలు కొనే వైపు పనిచేస్తాను. ఇంతవరకు నోరు మెదపలేదు, ఎందుకంటే మా ఆఫీసులో సగం మంది కంప్యూటర్లలో బ్లాకర్ ఉంటుంది.

మీరు పేజీ తెరవగానే ఏం జరుగుతుందంటే, ఆ ఖాళీ జాగా వేలానికి వెళుతుంది. మీ గురించి తెలిసిన వివరాలు డజన్ల కొద్దీ కంపెనీలకు చేరతాయి, ఎవరి యంత్రం వాళ్ల తరఫున పాట పాడుతుంది, గెలిచినవాడి ప్రకటన మీ తెర మీద పడుతుంది. మొత్తం సెకనులో పదో వంతు. ఓడిపోయినవారికి కూడా మీ వివరాలు అందినట్టే, అది గుర్తుంచుకోండి.

ఇక డబ్బు. బ్రిటన్‌లో ప్రకటనకర్తల సంఘం ఇస్బా, పీడబ్ల్యూసీ అనే ఆడిట్ సంస్థ కలిసి 2020లో ఒక లెక్క తీశాయి. ప్రకటనకర్త పెట్టిన నూటికి ప్రచురణకర్తకు చేరింది 51 మాత్రమే. మధ్యవర్తుల వాటాలు పోగా, నూటికి 15 వంతులు ఎక్కడికి పోయాయో ఆ లెక్కలు తీసినవారికే అంతుపట్టలేదు. పెద్ద పెద్ద కంపెనీలు, పేరున్న పత్రికల మధ్య జరిగిన వ్యాపారంలోనే ఇది. గంటలముల్లు గారి రాబడి తగ్గడానికి బ్లాకర్లు కారణమే, కానీ అవి రెండో కారణం.

అయినా నేను ప్రకటనల పక్షమే. చందా కట్టగలిగినవారికి వెబ్ ఎలాగూ దొరుకుతుంది. కట్టలేని విద్యార్థికి, ఉద్యోగం పోయినవాడికి అదే వ్యాసం ఉచితంగా దొరుకుతోందంటే, ఇంకెవరో కొనే సరుకు మీద వచ్చిన డబ్బే అందుకు కారణం. వీడియోల సంగతీ అంతే. యూట్యూబ్‌లో మామూలు వీడియోల మీద వచ్చే ప్రకటన రాబడిలో 55 శాతం తీసినవారికే వెళుతుంది. అందరూ బ్లాకర్ పెడితే డబ్బున్నవారికి మంచి వార్త, లేనివారికి పుకారు మిగులుతాయి. బ్లాకర్ పెట్టుకునేవారు తమ వంతు ప్రకటనల బరువును పెట్టుకోనివారి మీదికి నెడుతున్నారు కూడా. ఆదాయం తగ్గిన సైటు మిగిలిన పాఠకులకు రెండు ప్రకటనల బదులు ఐదు చూపిస్తుంది.

పాతరేడియో

తెరవెనుక గారు మంచి సంగతి ఎత్తారు. పాప్-అప్ ప్రకటన ఎలా పుట్టిందో తెలుసా? 1990ల చివర్లో ట్రైపాడ్ అనే సైటులో ఈథన్ జుకర్‌మన్ రాసిన కోడ్ అది. ఒక కార్ల కంపెనీ తమ ప్రకటన ఒక అసభ్యమైన పేజీ మీద కనబడిందని గోల చేసింది. పేజీకీ ప్రకటనకూ సంబంధం లేదన్నట్టు ఉండాలని దాన్ని వేరే కిటికీలో తెరిచారు. 2014లో ఆయన ఒక వ్యాసం రాస్తూ లోకానికి క్షమాపణ చెప్పుకున్నాడు. 2015లో అమెరికా ప్రకటనల సంఘం ఐఏబీ కూడా, పాఠకుడి సౌకర్యాన్ని మరిచిపోయి తప్పు చేశామని బహిరంగంగానే ఒప్పుకుంది. ఈ రంగంలో క్షమాపణలకు కొదవ లేదు.

అచ్చుతప్పు

బ్లాకర్ల వారు మాత్రం గంగిగోవులా? యాడ్‌బ్లాక్ ప్లస్ వారు 2011 నుంచి ‘అంగీకరించదగ్గ ప్రకటనలు’ అని ఒక జాబితా పెట్టారు. అందులో ఉన్న ప్రకటనలను ఆపరు. పెద్ద కంపెనీలైతే దానివల్ల అదనంగా వచ్చే రాబడిలో 30 శాతం కట్టాలి. కావలివాడే దారి సుంకం వసూలు చేసినట్టు లేదూ? ఒక్క మార్కో ఆర్మెంట్‌ను మాత్రం మెచ్చుకుంటాను. 2015లో ఐఫోన్‌కు ‘పీస్’ అనే బ్లాకర్ తెచ్చాడు. కొనుగోలు యాప్‌ల పట్టికలో మొదటి స్థానానికి వెళ్లింది. రెండు రోజుల్లో తనే తీసేశాడు. మంచి ప్రకటననూ చెడ్డదాన్నీ ఒకే కర్రతో కొట్టడం తనకు బాగా అనిపించలేదన్నాడు.

వడపోత

ఆ సుంకం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అందుకే నేను వాడేది యూబ్లాక్ ఆరిజిన్. దాన్ని రాసిన రేమండ్ హిల్ విరాళం కూడా తీసుకోడు.

గంటలముల్లు గారూ, ఒక చిన్న ప్రశ్న. మీ సైటును మీరు బ్లాకర్ లేకుండా చివరిసారి ఎప్పుడు చూశారు?

గంటలముల్లు

వడపోత గారు అడిగాక రాత్రి ఆ పని చేశాను. ఇంట్లోవాళ్ల పాత ఫోను తీసుకుని, అందులో బ్లాకర్ లేదని సరిచూసుకుని, నా సైటే తెరిచాను.

లోలకం వేలాడదీసే సన్నటి రేకు విరిగితే మార్చడం ఎలా అనే వ్యాసం ఒకటుంది. నాలుగు రోజులు కూర్చుని రాసింది. పేరా మధ్యలో కీళ్ల నొప్పి తైలం. కింద వయసు మీద పడ్డ ఒక సినీనటి ఫొటో, ‘ఇప్పుడు ఈమెను చూస్తే నమ్మలేరు’ అని. తెర అడుగున అంటుకుపోయిన వీడియో ఒకటి. దాన్ని మూసే గుర్తు ఆవగింజంత ఉంది, మూడుసార్లు నొక్కితే రెండుసార్లు ప్రకటనే తెరుచుకుంది. చూసిపోయేవాడు గారి మాట గుర్తొచ్చింది.

అసలు సంగతి చివర్లో ఉంది. ఆ వ్యాసం కింద రేకుల కొలతల పట్టిక ఒకటి పెట్టాను, దింపుకోవడానికి చిన్న నీలం లింకు. దానికి సరిగ్గా పైన ఆకుపచ్చ రంగులో, అరచేయంత ‘డౌన్‌లోడ్’ బటన్ ఉంది. నేను పెట్టింది కాదు. అది ప్రకటన. నొక్కితే ఫోనులో వైరస్ ఉందంటూ ఎర్రటి పేజీ వచ్చింది.

పోయిన ఏడాది ఒక పెద్దాయన మెయిల్ రాశారు, మీ పట్టిక దించుకుంటే కంప్యూటర్ పాడైందని. మా ఫైల్లో ఏ దోషమూ లేదండీ, నేను పరీక్షించాను అని కాస్త కటువుగానే జవాబిచ్చాను. ఆయన మళ్లీ రాయలేదు.

నా పేజీలో ఏముందో నాకు తెలియదు. గోడ నాది, పోస్టరు ఎవరు అంటిస్తున్నారో ఆరేళ్లుగా చూడలేదు. బ్లాకర్ వాడుతున్నందుకు కాదు, బ్లాకర్ చాటున ఉండి నా పాఠకులకు ఏం చూపిస్తున్నానో చూడనందుకు సిగ్గుపడుతున్నాను. ప్రకటనల కంపెనీ కోడ్ తెల్లవారకముందే తీసేశాను. ఆ పెద్దాయనకు ఉత్తరం రాయాలి. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సన్నజాజి

‘తప్పు నాదే’ అని మొదలుపెట్టండి. మిగతాది దానంతట అదే వస్తుంది.

తెరవెనుక

తీసేయడం తేలిక, సర్వర్ అద్దె ఎలా? ట్రాకింగ్, అంటే పాఠకుడి వెంటపడి వివరాలు సేకరించడం, లేకుండా కూడా ప్రకటనలు నడుస్తాయి. నెదర్లాండ్స్ ప్రభుత్వ ప్రసార సంస్థకు ప్రకటనలు అమ్మే స్టెర్, 2020 మొదట్లో ట్రాకింగ్ కుకీలు (పాఠకుణ్ణి గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే చిన్న ఫైళ్లు) మానేసి, పేజీలోని విషయాన్ని బట్టే ప్రకటనలు వేసింది. ఆ జనవరి, ఫిబ్రవరిల్లో రాబడి అంతకుముందు ఏడాదికన్నా పెరిగింది. మీకు అంత బలం లేదు, నిజమే. కానీ గడియారాల పేజీ చదివేవాడికి గడియారాల సామాను కావాలని కనిపెట్టడానికి వేలంపాట అక్కర్లేదు కదా. ఆ సామాను అమ్మేవారికి మీరే నేరుగా రాయండి.

అచ్చుతప్పు

మేము చేసింది అచ్చంగా అదే. ప్రకటన మా బల్ల మీదికి వచ్చేది, చదివేవాళ్లం, నచ్చకపోతే వెనక్కి పంపేవాళ్లం. గంటలముల్లు గారి పేజీలో ఉన్నదాన్ని ప్రకటన అనడానికి నాకు నోరు రావడం లేదు. మొదటి రోజు నేను వెనకేసుకొచ్చింది దాన్ని కాదు.

గంటలముల్లు (మూడు వారాల తర్వాత)

స్ప్రింగులు, రేకులు, తాళం చెవులు అమ్మే ఒకరికి రాశాను. ఒప్పుకున్నారు. ఏడాదికి ఒక మొత్తం, కదలని ఒక్క బొమ్మ, ఎవరి వివరాలూ సేకరించదు. అద్దెలో మూడింట రెండు వంతులు వస్తుంది. పెద్దాయన కూడా జవాబు రాశారు, ఒకే వాక్యం: గంట కొట్టడం ఇప్పటికీ లెక్క తప్పుతోంది, ఏం చేయమంటారు అని.

చిక్కు ఏమిటంటే, నిన్న నా కంప్యూటర్లో చూస్తే ఆ బొమ్మ కనబడటం లేదు. ట్రాకింగ్ లేదు, కోడ్ లేదు. అయినా నా బ్లాకర్ దాన్ని మింగేసింది!

వడపోత

బొమ్మ పెట్టిన ఫోల్డర్ పేరు ఇంగ్లిషులో ‘యాడ్స్’ అని, ఫైలు పేరు ‘బ్యానర్’ అని పెట్టి ఉంటారు. జాబితాలు చిరునామాలో ఆ మాటలు చూసే పట్టుకుంటాయి, బొమ్మలో ఏముందో వాటికి తెలియదు. పేరు మార్చండి, కనబడుతుంది.

గంటలముల్లు

పేరు మార్చడమంటే బ్లాకర్‌ను బోల్తా కొట్టించడమే కదా? అసలు ఏ ప్రకటనా వద్దని పెట్టుకున్నవారు ఉంటారు. వారి తలుపును దొడ్డిదారిన తీసినట్టు అవుతుందేమో.

అచ్చుతప్పు

పత్రికలో ప్రకటన వేసేటప్పుడు పాఠకుడి అనుమతి ఎప్పుడూ అడగలేదు. మార్చేయండి.

వడపోత

నాకైతే అభ్యంతరం ట్రాకింగ్‌తోనే. మా జాబితాలు రాసేవారిలో ఇంకొకరిని అడిగితే కాదంటారు. మీ సందేహం సబబైనదే, నా దగ్గర తేల్చే మాట లేదు.

సన్నజాజి

పేరు మార్చినా మార్చకపోయినా, బొమ్మ వెనక వివరణ మాత్రం ‘ప్రకటన’ అనే మాటతో మొదలుపెట్టండి. అది వినగానే కావాలంటే ఆగుతాను, వద్దంటే ఒక్క మీటతో దాటేస్తాను.

గంటలముల్లు

అలాగే చేశాను. ఫోల్డర్ పేరు ‘గోడ’ అని పెట్టాను. బొమ్మ పైన ‘ఇది ప్రకటన, డబ్బు తీసుకున్నాం’ అని రాశాను. వద్దనుకునేవారికి పక్కనే దాన్ని దాచే బటన్ ఉంది, ఆవగింజంత కాదు.

సన్నజాజి

విన్నాను. ‘ప్రకటన: గడియారాల స్ప్రింగులు, తాళం చెవులు.’ ఐదు మాటలు. తర్వాత వ్యాసం మొదలైంది.

వడపోత

నాకూ కనబడింది. అందులో రెండో వరుసలో ‘లోలకం’ బదులు ‘లోకలం’ అని పడింది. అచ్చుతప్పు గారూ, మీరు చూడలేదా?